కిటికీ బిగించడం వస్తే ఉద్యోగం వస్తుందా?

మీ రెజ్యూమె ఒకసారి తీసి ముందు పెట్టుకోండి. అందులో రాసుకున్నవాటిలో మొదటి నుంచి చివరి దాకా మీ చేతులతో మీరే చేసిన పనులెన్ని? ఎవరైనా ఎదురుగా కూర్చుని అరగంట గుచ్చి గుచ్చి అడిగితే తడుముకోకుండా చెప్పగలిగేవి ఎన్ని?

ఒకప్పుడు నా రెజ్యూమెలో ఆ లెక్క సున్నా. మెకానికల్‌లో బీటెక్, ఆరు ఆన్‌లైన్ సర్టిఫికెట్లు, ఎనభై పేజీల ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టు ఉండేవి. ఆ ప్రాజెక్టు నలుగురం తలా కొంత వేసుకుని కొన్నదే. వైవాలో అడిగిన రెండు ప్రశ్నలకు నీళ్లు నమిలాం. అయినా మార్కులు పడ్డాయి. దాన్నే గొప్పగా రెజ్యూమె మొదటి పేజీలో పెట్టుకుని ఎమ్మెస్ కోసం జర్మనీ వెళ్లాను.

నాకు ఇంజినీరింగ్ అంటే ఏమిటో అక్కడ ఒక మోటార్‌హోమ్ పక్క కిటికీ నేర్పింది. ఆ ముక్క ఇంటర్వ్యూల వేటలో ఉన్న మీకు చెప్పాలనే ఇది రాస్తున్నా.

అమ్మకు చెప్పిన అబద్ధం

మోటార్‌హోమ్ అంటే ఇల్లు మోసుకెళ్లే బండి. మన సినిమావాళ్ల వ్యానిటీ వ్యాన్‌లాంటిదే అనుకోండి. మంచం, పొయ్యి, బాత్రూమ్ అన్నీ అందులోనే. జర్మనీలో రిటైరయినవాళ్లు, చిన్నపిల్లలున్న కుటుంబాలవాళ్లు సెలవులొస్తే వీటిలో ఊళ్లు తిరుగుతారు. ఆ దేశంలో వీటిని తయారుచేసే కంపెనీలు చాలా ఉన్నాయి, బాగుచేసే షెడ్లు ఊరూరా కనిపిస్తాయి. అలాంటి ఒక షెడ్‌లో నాకు పార్ట్‌టైమ్ పని దొరికింది.

అప్పట్లో విదేశీ విద్యార్థులు ఏడాదికి 120 పూర్తి రోజులు పనిచేసుకోవచ్చు. 2024 మార్చి నుంచి అది 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులైంది. మొదట్లో నాకు ఊడవడం, పరుపులు మోయడం, పాత బండ్ల సామాన్లు విప్పడం అప్పగించారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మకు మాత్రం ‘ల్యాబ్‌లో పని’ అని చెప్పేవాణ్ని. నాన్న అప్పు చేసి పంపింది షెడ్‌లో స్క్రూలు బిగించడానికా అని నాకే సిగ్గేసేది. ఎలాగో విషయం తెలిసి మా బాబాయి ‘బీటెక్ చదివి బండ్లు బాగుచేసుకుంటున్నావా?’ అన్నాడు. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది.

షెడ్‌లో పెద్దాయన మైస్టర్. మైస్టర్ అంటే ఒట్టి మేస్త్రీ కాదు. ఏళ్ల తరబడి పని నేర్చుకుని, పరీక్షలు రాసి సంపాదించుకునే హోదా అది. జర్మనీ అర్హతల పట్టికలో మైస్టర్ది, బ్యాచిలర్ డిగ్రీది ఒకటే మెట్టు, ఆరోది. అక్కడ బండి బాడీ పని నేర్చుకునే కుర్రాడికి శిక్షణే మూడున్నరేళ్లు. వారంలో కొన్నాళ్లు షెడ్‌లో, కొన్నాళ్లు స్కూల్లో ఉంటాడు. చేతిపని చేసేవాణ్ని చదువురానివాడిగా చూసే మన అలవాటు ఆ పట్టిక ముందు నిలబడదు.

ఒక కిటికీలో ఎంత పనుందో!

ఒకరోజు ఓ బండి వచ్చింది. చెట్టు కొమ్మ తగిలి పక్క కిటికీ పగిలింది. మైస్టర్ నన్ను పిలిచి ‘ఇది నువ్వు చెయ్, నేను మధ్యలో వచ్చి చూస్తా’ అన్నాడు. అద్దం తీయడం, అద్దం పెట్టడం, చుట్టూ సిలికాన్ పూయడం, గంట పని అనుకున్నా.

ఆ కిటికీలో అసలు అద్దమే లేదు. యూరప్‌లో ఎక్కువ మోటార్‌హోమ్‌లకు రెండు పొరల యాక్రిలిక్ కిటికీలుంటాయి. బరువు తక్కువ, చలికి లోపల చెమర్చడం తక్కువ. బండి గోడ కూడా ఒట్టి రేకు కాదు. బయట పల్చటి అల్యూమినియం లేదా ఫైబర్, లోపల ప్లైవుడ్, మధ్యలో నురగ, కిటికీ చుట్టూ చెక్క బద్దీలు. బయటి ఫ్రేమ్, లోపలి ఫ్రేమ్ రెండూ కలిసి ఈ గోడను పటకారులా పట్టుకుంటాయి. స్క్రూలు లోపలి నుంచే ఉంటాయి.

కాబట్టి కొత్త కిటికీ ఆర్డర్ చేయాలంటే కొలవాల్సింది బయట కనిపించే ఫ్రేమ్‌ని కాదు. గోడకు కోసిన కంత పొడవు, వెడల్పు, దాంతోపాటు గోడ మందం కావాలి. గోడ 30 మిల్లీమీటర్లుంటే ఆ మందానికి సరిపోయే ఫ్రేమే రావాలి. నేను బయట కొలిచి కాగితం ఇచ్చా. మైస్టర్ ఏమీ అనకుండా టేపు నా చేతిలో పెట్టి మళ్లీ కొలవమన్నాడు.

తరవాత విప్పడం. స్క్రూలన్నీ తీసినా కిటికీ కదల్లేదు, పాత సీలెంట్ దాన్ని పట్టుకునుంది. పల్చటి ప్లాస్టిక్ బద్దతో చుట్టూ కొంచెం కొంచెంగా వదులు చేయాలి. ఇనప ఉలి పెట్టి లాగితే గోడ రేకు వంగుతుంది, వంగిన రేకు మీద ఏ సీలెంటూ సరిగ్గా కూర్చోదు. చివర్లో ఒక్కసారిగా ఊడి పడుతుంది కాబట్టి బయట ఒకరు పట్టుకుని ఉండాలి.

ఆపైన శుభ్రం చేయడం. మొత్తం పనిలో సగం సమయం దీనికే పోవాలి. పాత సీలెంట్ పిసరు కూడా మిగలకూడదు. ఆఖర్న గోడ మీద జిడ్డు పోవడానికి స్పిరిట్‌తో తుడుస్తాం. అదే స్పిరిట్ యాక్రిలిక్‌కు తగిలితే సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్లొస్తాయి. గోడకు మందైంది కిటికీకి విషం.

కంత చుట్టూ ఉన్న చెక్కలో చెమ్మ ఎంతుందో మీటర్ పెట్టి చూడాలి. సాధారణంగా 15 శాతం లోపుంటే ఫర్వాలేదు, 20 దాటితే అనుమానించాలి, 30కి వెళితే లోపల చెక్క కుళ్లుతున్నట్టే. తడి చెక్క మీద కొత్త కిటికీ పెడితే తడిని లోపల పెట్టి తాళం వేసినట్టే.

ఇవన్నీ అయ్యాక బ్యూటైల్ టేపు. చూయింగ్ గమ్‌లా మెత్తగా, జిగటగా ఉంటుంది, ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. బండి రోడ్డు మీద ఊగుతుంది, ఎండకు రేకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. గట్టిపడే పదార్థం అక్కడ చిట్లిపోతుంది, బ్యూటైల్ దాంతోపాటు కదులుతుంది. బయటి ఫ్రేమ్ వెనక దాన్ని సాగదీయకుండా చుట్టూ ఒకే ముక్కగా అంటించాలి. రెండు కొసలు కలిసే అతుకు కింది వైపు రావాలి. నీళ్లు పైనుంచి జారతాయి కదా, అతుకు పైనుంటే మనమే దారి చూపించినట్టవుతుంది. స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, చేత్తోనే బిగించాలి. టేపు చుట్టూ సమంగా బయటకు ఉబకాలి. మర్నాడు ఇంకో చుట్టు బిగించి, అప్పుడు ఉబికిందాన్ని కోసెయ్యాలి.

పైన పటారం

ఇదంతా ఇప్పుడు చెబుతున్నా. ఆ రోజు నేను చేసింది వేరు. శుక్రవారం సాయంత్రం, షెడ్ మూసే టైమ్. పై అంచున ఒక మూల దగ్గర పాత సీలెంట్ నూలు పోగంత మిగిలింది. గోరుతో గీకితే రాలేదు. ‘టేపు కింద పడిపోతుందిలే’ అనుకున్నా. స్క్రూలు బిగించా. ఆ మూల దగ్గర టేపు సరిగ్గా ఉబకలేదు. కనపడకుండా బయట చుట్టూ సిలికాన్ గీత గీసి వేలితో నున్నగా తీర్చా. చూడ్డానికి కంపెనీ పనిలా ఉంది. మైస్టర్ ‘నీళ్లు పోసి చూశావా?’ అని అడిగాడు. ‘చూశా’ అన్నా. చూడలేదు.

పైన పటారం, లోన లొటారం అంటారే, అదే అది. ఇప్పుడు తలచుకుంటే, నేను కొన్న ఎనభై పేజీల ప్రాజెక్టు కూడా సరిగ్గా అలాంటి సిలికాన్ గీతే.

రెండు వారాల తరవాత బండి తిరిగొచ్చింది. పెద్ద వయసు దంపతులు. సెలవుల్లో మొదటి వానకే పరుపు అంచు తడిసిపోయిందట. ఆవిడ కోప్పడలేదు. తడిసిన దుప్పటి చూపించి ఊరుకుంది. అదే ఎక్కువ బాధించింది.

నేను గబగబా కింది మూల చూపించి ‘ఇక్కడ కారుతోంది, ఇక్కడ సీల్ చేస్తా’ అన్నా. మైస్టర్ ఒకటే మాట అడిగాడు: ‘అది నీరు బయటపడిన చోటు. దూరింది ఎక్కడ?’

నా దగ్గర జవాబు లేదు. ఆయన పైపు తెచ్చాడు. నన్ను లోపల టార్చితో కూర్చోబెట్టి బయటి నుంచి నీళ్లు పట్టాడు. ముందు కింది అంచు, అయిదు నిమిషాలు. ఏమీ లేదు. తరవాత పక్కలు. అప్పుడూ లేదు. ఆఖర్న పై అంచు. నిమిషం తిరక్కుండా కింది మూలలో చుక్క మెరిసింది. పైన దూరిన నీరు ఫ్రేమ్ లోపలి నుంచి జారి అడుగున తేలుతోంది. మొదటే పైనుంచి పోసుంటే నీళ్లు చుట్టూ జారి ఏ అంచు తప్పో తేలేదే కాదు. అందుకే కింది నుంచి పైకి వెళ్లడం.

నేను అన్నట్టు కింది మూల మూసేసి ఉంటే ఏమయ్యేది? కారడం ఆగేది. నీరు మాత్రం గోడలోనే నిలిచి చెక్కను కుళ్లబెట్టేది. కిటికీ పగలడం వేల రూపాయల సమస్య, గోడ కుళ్లడం లక్షల సమస్య. అందుకే ఈ బండ్లు తయారుచేసే కంపెనీలు చాలావరకు ఏటా చెమ్మ పరీక్ష చేయిస్తేనే నీరు దూరదన్న గ్యారంటీని కొనసాగిస్తాయి.

కిటికీ విప్పాం. నూలు పోగు అక్కడే ఉంది, నన్ను వెక్కిరిస్తున్నట్టు. నేను పూసిన సిలికాన్ వదిలించడానికి ఒక పూట పట్టింది. దాని జాడ కొంచెం మిగిలినా దాని మీద ఇంకే సీలెంటూ అంటదు, పెయింటూ నిలవదు. నా జీతంలో కోత పెట్టలేదు. జాబ్ కార్డు మీద మాత్రం ఏం జరిగిందో నా చేత్తోనే రాయించారు. ‘నీళ్ల పరీక్ష చేయలేదు. చేశానని చెప్పాను.’ ఆ రెండు వాక్యాలు వచ్చీరాని జర్మన్‌లో రాయడానికి పావుగంట పట్టింది.

ఆ కార్డే నా అసలు ప్రాజెక్టు రిపోర్టు

చదువయ్యాక ఉద్యోగాల వేట మొదలైంది. తిరస్కరణలు వరసగా వచ్చాయి. ఎవరైనా ఇంటర్వ్యూకి పిలిచినా బీటెక్ ప్రాజెక్టు దగ్గర రెండో ప్రశ్నకే దొరికిపోయేవాణ్ని. చివరికి ఆ ప్రాజెక్టు రెజ్యూమెలోంచి తీసేశాను. దాని స్థానంలో ఒక్క లైన్ పెట్టాను: మోటార్‌హోమ్ కిటికీల మార్పు, సీలింగ్, లీకేజీ పరీక్ష.

ఒక కంపెనీవాళ్లు ఆ లైన్ చూసే పిలిచారు. వాళ్లు చేసేది ఎలక్ట్రిక్ వాహనాల బ్యాటరీ పెట్టెలు. వాటికి ఐపీ 67 అనే ప్రమాణం ఉంటుంది. దుమ్ము అసలు దూరకూడదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా నష్టం చేసేంత నీరు లోపలికి రాకూడదు. వాళ్ల తలనొప్పి, నా తలనొప్పి ఒకటే: రెండు భాగాల మధ్య నీటిని ఎలా ఆపాలి? నలభై నిమిషాలు కిటికీ గురించే మాట్లాడాం. అతుకు కిందే ఎందుకు? గట్టిపడని సీలెంట్ ఎందుకు? నీళ్లు పోయకుండా పరీక్షించాలంటే? బండి లోపలికి గాలి పంపి ఒత్తిడి పెంచి, బయట సబ్బు నీళ్లు చల్లి బుడగలు ఎక్కడొస్తాయో చూస్తారని చెప్పాను. బ్యాటరీ పెట్టెల్లోనూ గాలి ఒత్తిడి ఎంత పడిపోతోందో కొలిచే లీక్ తనిఖీ చేస్తారు. ‘మీ పనిలో ఎప్పుడైనా తప్పు జరిగిందా?’ అని ఆఖర్న అడిగారు. జాబ్ కార్డు సంగతి మొత్తం చెప్పాను, అబద్ధంతో సహా.

ఆ కథ వల్లే ఉద్యోగం వచ్చిందని చెప్పను. ఆ రోజు వాళ్లకి మనిషి అవసరం, అదృష్టం కూడా కలిసొచ్చింది. కానీ ఇంటర్వ్యూలో మొదటిసారి నాకు చెమటలు పట్టలేదు. తెలిసింది చెబుతుంటే చెమటెందుకు పడుతుంది?

అపార్థం చేసుకోకండి

బీటెక్ వదిలేసి షెడ్‌లో చేరమని నేననడం లేదు. చదివిన చదువు నాకు పనికొచ్చింది. రేకు ఎండకు ఎంత సాగుతుందో లెక్క కట్టగలిగింది ఆ చదువు వల్లే. నేను అంటున్నది ఒక్కటే. చదివిందాన్ని ఒక పనికి తగిలించి, అది నిలబడుతుందో లేదో పరీక్షించిన అనుభవం ఒక్కటైనా లేకపోతే డిగ్రీ గాల్లో వేలాడుతుంది.

‘చెప్పడం తేలికే, కంపెనీలు మార్కులే చూస్తాయి, సర్టిఫికెట్ల లెక్కే అడుగుతాయి’ అంటారు మీరు. నిజమే. మొదటి జల్లెడ అలాగే ఉంటుంది, దాన్ని దాటడానికి కావాల్సినవి తెచ్చుకోండి. కానీ జల్లెడ దాటాక ఎదురుగా కూర్చునేది మనిషి. ఆరో సర్టిఫికెట్ గురించి ఆ మనిషి అడగడు. అడిగినా మీరు చెప్పేది వీడియోలో విన్న ముక్కలే. ఏడో సర్టిఫికెట్‌కి పెట్టే నెల రోజులు ఒక అసలు పనికి పెట్టమంటున్నా, అంతే.

విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లకు ఇంకో మాట. పార్ట్‌టైమ్ జీతంతో అప్పు తీర్చేయొచ్చని ఎవరు చెప్పినా నమ్మకండి. అనుమతించిన రోజులకు మించి, లెక్కలో చూపకుండా పని చేయిస్తామనేవాళ్ల దగ్గరికి అసలు వెళ్లకండి, వీసాకే ఎసరొస్తుంది. చట్టప్రకారం దొరికిన పని ఏదైనా సరే, సిగ్గుపడుతూ చేయకండి. నేను సిగ్గుపడుతూ చేసిన ఆర్నెల్లలో ఏమీ నేర్చుకోలేదు.

జర్మనీ దాకా వెళ్లక్కర్లేదు

మనకూ బండి బాడీలు కట్టేవాళ్లున్నారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీలు, బస్సుల బాడీల పని తరతరాలుగా జరుగుతోంది. బస్సు కిటికీకి రబ్బరు బీడింగ్ ఎక్కించే కుర్రాడి దగ్గర నాలుగు రోజులు నిలబడి చూడండి. అతను చేసేది ఎందుకు పనిచేస్తుందో మీ పుస్తకంతో కలిపి ఆలోచించండి. అతనికి తెలిసింది మీకు తెలియదు, మీకు తెలిసింది అతనికి తెలియకపోవచ్చు. రెండూ కలిసినచోటే ఉద్యోగం ఉంటుంది. డిగ్రీ, డిప్లొమా అయినవాళ్లకు నాట్స్ పథకం కింద స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్‌లు ఉన్నాయి. ‘ఉద్యోగం రాకపోతే చూద్దాంలే’ అని దాన్ని చివర్న పెట్టకండి.

ఇంజినీరింగ్ కానివాళ్లకూ ఇదే వర్తిస్తుంది. బీకామ్ చదువుతున్నారా? మీ వీధి కిరాణా కొట్టు నెల లెక్కలు అడిగి తీసుకోండి. పుస్తకానికీ గల్లాపెట్టెకీ వచ్చిన తేడా కనిపించిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు. పుట్టిన చోటు పట్టుకోండి. కంప్యూటర్స్‌వాళ్లా? ఎర్రర్ చూపించిన లైన్లోనే తప్పుండదని మీకు చెప్పక్కర్లేదు. హాస్టల్ గది కిటికీ కారుతోందా? వార్డెన్ని అడిగి దాంతోనే మొదలుపెట్టండి.

పని అయ్యాక ఒక్క పేజీ రాయండి. సమస్య ఏమిటి, నేనేం చేశాను, ఎక్కడ తప్పాను, ఎలా కనిపెట్టాను, మళ్లీ చేస్తే ఏం మారుస్తాను. ఆ అయిదింటికీ నిజాయతీగా జవాబులుంటే ఆ పేజీ మీ రెజ్యూమెలో అన్నింటికన్నా బరువైన కాగితం అవుతుంది. మూడో జవాబు ఖాళీగా ఉంటే మీరింకా నీళ్లు పోసి చూడలేదనే అర్థం.

మొన్న ఊరొచ్చినప్పుడు బాబాయి ఇంట్లో వాన నీళ్లు కిటికీ కింద గోడమీదికి దిగుతున్నాయి. కింద సిమెంటు రాయించబోతున్నాడు. నేను నిచ్చెనేసుకుని పైన సజ్జ మీదికెక్కా. పగులు అక్కడుంది. కిందికి దిగాక బాబాయి బండ్ల సంగతి ఎత్తలేదు. ‘చేతులు కడుక్కో, టీ తాగుదువుగాని’ అన్నాడు.